ముక్కనుమ మర్నాడు

పండగ నాలుగు రోజులూ అయిపోయాయి. హైదరాబాదు, విజయవాడ, చెన్నైల నుంచి వచ్చినవాళ్లలో సగం మంది నిన్న రాత్రే బస్సులెక్కేశారు. వాళ్లు తిని వదిలిందీ, తాగి వదిలిందీ, కొత్తబట్టల మీంచి చింపి పారేసిందీ మాత్రం ఇంకా బొబ్బిలిలోనే ఉంది.

పొద్దున్న ఐదున్నర. వేణుగోపాలస్వామి గుడి దాటాక ఒక వీధి మొగలో మీరు నిలబడ్డారు. మంచు దిగుతోంది. వీధిదీపం కింద తప్ప ఇంకెక్కడా ఏమీ ఆనడం లేదు. కాళ్ల కింద ముగ్గు రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసి బూడిదరంగుకు తిరిగాయి. భోగిమంట వేసినచోట నల్లమచ్చ, దాని నడుమ సగం కాలి ముడుచుకుపోయిన ప్లాస్టిక్ కుర్చీ కాలు. పాత సామాను మంటలో వెయ్యమన్నారు పెద్దలు. వాళ్ల కాలంలో పాత సామానంటే కర్రా, తాటాకూ, అరిగిన చీపురుకట్టా. కుర్చీ పొగ పీల్చింది మాత్రం మంట చుట్టూ చలి కాచుకున్న పిల్లలు.

విజిల్ వినబడుతుంది. మంచులోంచి ముందు రెండు లైట్లు, తర్వాత ఆటో. డ్రైవరూ, వెనకాల నడుస్తూ ఇద్దరు ఆడవాళ్లూ. పెద్దావిడ కుడిచేతికి రబ్బరు తొడుగు ఉంది. ఎడమచేతిది చిరిగిపోయిందేమో, బొడ్లో దోపుకుంది. మీరు పలకరిస్తే తలూపుతుంది గానీ ఆగదు. ఈ వేళ ఆగే రోజు కాదు. ఊరి జనాభా 2011 లెక్కల్లో సుమారు 57 వేలు. మనిషికి రోజుకి 300 గ్రాముల చొప్పున వేసుకున్నా 17 టన్నులు. పండగ వెళ్లిన మర్నాడు ఆ లెక్క ఏ మూలకీ సరిపోదు.

మొదటి ఇల్లు. కోడలు పిల్ల రెండు బకెట్లు పట్టుకుని ముందే గుమ్మంలో ఉంది. ఒకదాంట్లో అరటాకులు, చెరుకుపిప్పి, వాడిన బంతిపూలు, కూర తొక్కలు. రెండోదాంట్లో అట్టపెట్టెలు, కవర్లు. పెద్దావిడ రెండూ రెండు అరల్లో గుమ్మరించి బకెట్లు తిరిగిచ్చేస్తుంది. పట్టుమని పది క్షణాలు పట్టలేదు.

రెండో ఇంటిముందు మనిషి లేరు. గేటుకి నల్లసంచి ఒకటి వేలాడుతోంది, మూతి బిగించి ముడేసి. ఆవిడ దాన్ని దింపి, బరువు చూసి, నిట్టూరుస్తుంది. ముడి విప్పుతుంది. మీరు ఒక అడుగు వెనక్కి వేస్తారు. ఆవిడ వెయ్యదు.

చారూ అన్నమూ కలిసిన ముద్ద. అందులో కోడి ఎముకలు, పలావు తిన్న పళ్లేలు, టీకప్పులు. ఉండచుట్టిన చంటిపిల్ల డైపరు. గడ్డం గీసుకున్న బ్లేడు, దేనిలోనూ చుట్టకుండా. అడుగున పగిలిన గ్లాసు. ఆవిడ తొడుగు ఉన్న చెయ్యి మాత్రమే లోపల పెడుతుంది, అదీ వేళ్ల కొసలతో.

"ఏటమ్మా, మళ్లీ కలిపీసినారు?" అని లోపలికి కేకేస్తుంది.

"పండగ హడావుడి కదప్పా. రేపట్నించి ఏరి పెడతాంలే," లోపల్నించి జవాబు.

"మీకే పండగేటి? మాకు నేదా?" అంటుంది ఆవిడ, ఈసారి గొంతు తగ్గించి, సంచితోనే.

ఆ సంచిలోనే ఇంకో పొట్లం. కొత్తచొక్కా తాలూకు మిగులు. మీరు దాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. పైన పలచటి పారదర్శకపు కవరు. లోపల చొక్కా మడతకు అండగా పెట్టిన అట్ట. కాలరు కింద గట్టి ప్లాస్టిక్ పట్టీ. బొత్తాం దగ్గర సీతాకోకచిలుక ఆకారంలో ఇంకో ప్లాస్టిక్ ముక్క. చేతుల దగ్గర రెండు క్లిప్పులు, నాలుగు గుండుసూదులు. ఒక్క చొక్కా నలగకుండా ఇల్లు చేరడానికి ఇన్ని. విడివిడిగా ఉంటే అట్ట అట్టల్లోకి, కవరు మెత్త ప్లాస్టిక్‌లోకి, పట్టీ గట్టి ప్లాస్టిక్‌లోకి, సూదులు ఇనుములోకి పోతాయి. పులుసు అంటిన అట్ట మాత్రం ఇక ఎవరికీ పనికిరాదు. అలా పులుసులో నానిన కాగితం నారని ఏ మిల్లూ కొనదు. పొడిచెత్త ధర పోయేది డంపింగ్ యార్డులో అనుకుంటాం. అది వంటింటి బుట్టలోనే పోతుంది, కూర గిన్నె ఒంపిన ఆ ఒక్క క్షణంలో.

వీధి సగం అయ్యేసరికి తెల్లవారుతుంది. ఒక అరుగు మీద పెద్దాయన దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. పక్కన పాత పేపర్ల కట్ట, పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టిన దండ, తుప్పు పట్టిన బకెట్, నాలుగు బీరు సీసాలు. చెత్తబండి వచ్చి ముందు ఆగినా ఆయన వాటి జోలికి పోడు. కూరతొక్కల బుట్ట ఒక్కటే అందిస్తాడు. మీరు అడిగితే నవ్వుతాడు.

"అయ్యి బండోళ్లకెందుకు బాబూ? ఉల్లిపాయలోడు వత్తాడు కదా."

కాసేపటికి వాడూ వస్తాడు. ట్రాలీ ఆటో, మైకులో రికార్డు చేసిన గొంతు. పాత ఇనప సామాన్లకి, పాత ప్లాస్టిక్ సామాన్లకి ఉల్లిపాయలిస్తాం. పెద్దాయన పేపర్లు కాటాకెక్కుతాయి. సీసాలు కాటాకెక్కవు, లెక్కకెక్కుతాయి. సీసా గుండుగా ఉంటే దానికి ఒక ధర, పగిలితే అది గాజు పెంకు. గుండు సీసా కడిగితే మళ్లీ సీసాయే అవుతుంది. బీరు ఫ్యాక్టరీ ఉన్న రణస్థలం పక్క జిల్లాలోనే కదా. పెంకును మాత్రం కరిగించాలి.

ఈ ఉల్లిపాయల ఆటో వెనకాలే ఇంకొకతను వస్తాడు, స్టీలు గిన్నెలు వేలాడదీసుకుని. తల దువ్వుకున్నాక రాలిన వెంట్రుకలు ఉండచుట్టి గోడ సందుల్లో దాచే అలవాటు ఇక్కడి ఆడవాళ్లకి ఇంకా ఉంది. ఆ ఉండలు తీసుకుని గిన్నె ఇస్తాడు. ఇలా ఊరూరా పోగైన చిక్కు వెంట్రుకలను కర్ణాటకలో కొప్పళ పక్కనున్న భాగ్యనగర్ లాంటి చోట్ల వేళ్లతో విడదీసి, పొడుగు పొట్టి ఏర్చి, విగ్గుల వ్యాపారానికి పంపిస్తారు. మన దువ్వెనకి పట్టింది ఏ దేశంలో ఎవరి నెత్తికెక్కుతుందో!

ఇక కంచు, ఇత్తడి సంగతి. పాత బిందెలు, చెంబులు చెత్తబుట్ట మొహం ఎప్పుడూ చూడవు. శ్రీకాకుళం జిల్లాలో బుడితి ఉంది. అక్కడి కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పాత లోహాన్ని కరిగించి కొత్త పాత్ర పొయ్యడం ఈ ప్రాంతానికి ఎవరో వచ్చి నేర్పాల్సిన విద్య కాదు.

ఇప్పుడు చెత్త ఆటోలోకి తొంగిచూడండి. ఇనుము లేదు, బీరు సీసాల్లేవు, పేపర్లు లేవు. ధర పలికేదాంట్లో ఎక్కువభాగం గుమ్మంలోనే దిగిపోయింది. మున్సిపాలిటీకి మిగిలిందాంట్లో ఎక్కువ కుళ్లేదీ, ఎవరూ కొననిదీ. పంచాయతీ షెడ్ల గోడల మీద ‘చెత్త నుంచి సంపద’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. సంపద ఉన్నమాట నిజమే. అది తుక్కు కొట్టు దారి పట్టింది. మున్సిపాలిటీ బండిలో ఎక్కింది చాకిరీ. అందుకే ఈ పని తన ఖర్చు తానే రాబట్టుకుంటుందని ఎవరన్నా చెబితే నేను నమ్మను. దీపాలకీ, కాలవలకీ పెట్టినట్టే దీనికీ డబ్బు పెట్టాలి.

ఆ డబ్బు ఎవరు పెట్టాలన్న గొడవ రాష్ట్రమంతా నడిచింది. 2021 అక్టోబరు 2న ‘క్లాప్’ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పథకం కింద వేల బండ్లు రోడ్డెక్కాయి, ఇంటింటికీ మూడు బుట్టలన్నారు: తడికి ఆకుపచ్చ, పొడికి నీలం, ప్రమాదకరమైనవాటికి ఎరుపు. వాటితోపాటు నెలనెలా వసూలు కూడా వచ్చింది. జనం దాన్ని చెత్తపన్ను అన్నారు, తిట్టారు. 2024లో వచ్చిన ప్రభుత్వం తీసేసింది. బుట్టల సంగతికొస్తే, ఈ వీధిలో ఆకుపచ్చదాంట్లో తులసి మొక్క కనబడుతుంది, నీలందాంట్లో బియ్యం. ఎర్రబుట్ట ఎవరింట్లోనూ బయటికి రాదు.

బండి నిండింది. మీరు డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చుంటారు. పట్నం దాటి రామన్నదొరవలస వైపు. బొబ్బిలి మున్సిపాలిటీ చెత్తను పోగుపెట్టి తగలెయ్యకుండా వేరుచేసి ఎరువు చెయ్యడానికి పెట్టుకున్న చోటు అక్కడుంది. యార్డు అనరు, పార్కు అంటారు. పెద్ద పట్నాలు సిగ్గుపడాల్సిన విషయమేమంటే, ఈ పని మీద పేరు తెచ్చుకున్నది ఈ చిన్న ఊరు. అక్కడ శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున చెత్తకుప్పలు చూసి చూసి జనానికి కళ్లు అలవాటు పడిపోయాయి.

దిగగానే మీరు ముక్కు మూసుకోబోతారు. అంత కంపు లేదు. పుల్లటి వాసన, దాని వెనక వానపడ్డ మన్ను వాసన. తడిచెత్త వరసలు వరసలుగా పోసి ఉంది. జనవరి చలిలో ఆ వరసల మీంచి ఆవిరి లేస్తోంది. ఒకతను ఇనపకమ్మీ కుప్ప నడుమకి దించి, కాసేపాగి, పైకి తీసి మీ చేతికిస్తాడు. పట్టుకోలేక వదిలేస్తారు. లోపల వేడి 55, 60 డిగ్రీల దాకా పోతుంది. నిప్పు లేదు, కరెంటు లేదు. సూక్ష్మజీవులు తింటున్న వేడి అది. ఆ వేడికే రోగక్రిములూ, కలుపు గింజలూ చస్తాయి. అయితే ఆ సూక్ష్మజీవులకి గాలి కావాలి. అందుకని కుప్పను తిరగెయ్యాలి. గాలాడకుండా పూడ్చిపెడితే వేరే జాతి జీవులు పుట్టి మీథేన్ వాయువు వదులుతాయి. వాతావరణాన్ని వేడెక్కించడంలో అది నూరేళ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువుకి ఇంచుమించు 28 రెట్లు. అదే అన్నం, అదే అరటాకు. గాలి తగిలితే ఎరువు, తగలకపోతే విషం.

కోడి ఈకలూ ఎముకలూ ఉన్న బుట్ట వస్తే కుప్ప కడుపులోకి తోసి, పైన ఎండాకు కప్పుతున్నారు. పైనే వదిలేస్తే కుక్కలూ గద్దలూ దిగుతాయి. తడి మరీ ఎక్కువైతే రంపంపొట్టో ఎండుగడ్డో కలపాలి. ఇదే మండలంలో గొల్లపల్లిలో పనసమానుని తొలిచి వీణలు చేస్తారు కదా. ఆ పొట్టులాంటిదే ఈ కుప్పకి బలం.

రెండు మూడు వారాలకి వేడి చల్లారుతుంది. అప్పుడు వానపాముల తొట్లలోకి మారుస్తారు. ముందే వేస్తే పాములు ఉడికిపోతాయి. పైన కప్పిన గోనెపట్టా కొద్దిగా ఎత్తి చూడండి. వెలుతురు తగలగానే ఎర్రటి సన్నని పాములు కిందికి జారుకుంటాయి. మన పొలాల్లో లోతుగా బొరియలు చేసే వానపాములు కావివి. పైపొరలో ఉండి కుళ్లేదాన్నే తినే రకం. ఉప్పూ, నూనే, పచ్చడీ వీటికి పడవు. నిమ్మచెక్కలు కుమ్మరించినా పడదు. నెలన్నర, రెండు నెలలు తడి ఆరకుండా చూస్తే టీపొడి లాంటి ఎరువు మిగులుతుంది.

జల్లెడ పట్టేచోట ఆ నల్లసంచి మళ్లీ ఎదురవుతుంది. పట్నపు చెత్త ఎరువులో నూటికి 90 పాళ్లు 4 మిల్లీమీటర్ల జల్లెడలోంచి జారాలని నిబంధన. కింద నల్లటి ఎరువు రాలుతుంది. పైన మిగిలేది చూడండి: పాలప్యాకెట్టు మూల కత్తిరించిన బుల్లి త్రికోణాలు, గుట్కా తగరపు ముక్కలు, షాంపూ ప్యాకెట్ల చింపులు, గాజు రవ్వలు. ఎంత ఏరినా ఏదో ఒకటి జారిపోతుంది. రైతు చేలో చెయ్యి పెట్టినప్పుడు గాజు గుచ్చుకుంటే మళ్లీ ఈ ఎరువు కొంటాడా? కొనడు. 2016లో కేంద్రం ఈ రకం ఎరువుకి టన్నుకి 1,500 రూపాయల సాయం ప్రకటించింది. సాయం లేకపోతే అమ్ముడుపోదని వాళ్లకీ తెలుసు.

పొడిచెత్త షెడ్డు పక్కనే. బల్ల చుట్టూ ఆడవాళ్లు, ముక్కులకి కట్టుకున్న చెంగులు. చేతులు చూపుకంటే ముందు పోతున్నాయి. ఒకావిడ నీళ్లసీసా తీసి, మూత తిప్పి ఒక బుట్టలో, సీసా ఇంకో బుట్టలో వేస్తుంది. రెండూ ప్లాస్టిక్కే కదా అంటారు మీరు. ఆవిడ మాట్లాడకుండా పక్కనున్న నీళ్ల బకెట్లో రెంటినీ పడేస్తుంది. నలిపిన సీసా ముక్క మునిగిపోతుంది. మూత తేలుతుంది.

"ఇది మునుగుద్ది, అది తేల్తాది. రెండూ కలిపి కరిగిత్తే ఏటికీ పనికిరాదు."

సీసా పెట్ అనే రకం, దాని అడుగున త్రికోణంలో 1 అంకె ఉంటుంది. మూత వేరే జాతి, నీటికన్నా తేలిక. పెద్ద ఫ్యాక్టరీల్లో తొట్లలో కడిగి వేరుచేసేది సరిగ్గా ఇదే సూత్రంతో. పెట్‌ని ముక్కలు చేసి కరిగించి దారం తీస్తే పాలియెస్టర్. పండక్కి మీరు కొన్న చొక్కాలో కొన్ని పోగులు ఎవరో తాగి పారేసిన నీళ్లసీసావే అయ్యుండొచ్చు. అల్యూమినియం డబ్బా అయితే ఇంకా లాభం. ఖనిజం నుంచి లోహం తియ్యడానికి అయ్యే శక్తిలో ఇంచుమించు 5 శాతంతోనే పాతది కరిగి కొత్తదవుతుంది.

అలా బల్ల మీద ఒక్కొక్కటీ తన దారి పడుతుండగా ఒక కుప్ప మాత్రం తరగదు. చిప్స్ ప్యాకెట్లు. షాంపూ, కాఫీపొడి, పచ్చడి సాచెట్లు. కాగితపు టీకప్పులు. కప్పు చేత్తో చింపి చూడండి, లోపల పలచటి ప్లాస్టిక్ పొర ఊడివస్తుంది. అటు కాగితం మిల్లుకీ, ఇటు ప్లాస్టిక్ బట్టీకీ చెందదు. చిప్స్ ప్యాకెట్టు లోపలి మెరుపు అల్యూమినియం పూత. ప్లాస్టిక్కునీ పూతనీ విడదియ్యడం ఇక్కడ ఎవరి తరమూ కాదు. వీటిని మూటలు కట్టి సిమెంటు బట్టీకి పంపడమే గతి. 1,400 డిగ్రీలు దాటిన మంటలో బొగ్గుకి బదులు తగలబడతాయి. దాన్ని రీసైక్లింగ్ అనడం నాకు ఇష్టం లేదు. అది కాల్చెయ్యడమే, కాస్త పద్ధతిగా. విశాఖ కాపులుప్పాడలో చెత్త తగలేసి కరెంటు తీసే 15 మెగావాట్ల ప్లాంటు కూడా చేసేది అదే.

ఈ సాచెట్ల విషయంలో ఇల్లాలిని తిట్టి లాభం లేదు. సీసా కొనలేని మనిషికి రూపాయి ప్యాకెట్టు అమ్మేది కంపెనీ. అమ్మినవాడే వెనక్కి తీసుకోవాలని 2016 ప్లాస్టిక్ నిబంధనల్లోనే ఉంది, 2022 ఫిబ్రవరిలో దానికి వివరంగా మార్గదర్శకాలూ వచ్చాయి. సంక్రాంతికి సాచెట్ల దండలు ఊరి చివరి కొట్టుకి కూడా చేరాయి. ఖాళీ ప్యాకెట్టు కోసం మాత్రం ఏ కంపెనీ ఆటో ఏ వీధికీ రాలేదు.

మూల ఒక డ్రమ్ము ఉంది. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, అరిగిన బ్యాటరీలు, కాలం చెల్లిన మాత్రలు, మాడిన ట్యూబులైటు. ఇళ్లలో వేరుచెయ్యనివన్నీ ఇక్కడ చేతులతో వేరైనవి. వీటిలో బ్యాటరీలూ, మాత్రలూ, ట్యూబులైటూ 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో మూడో రకం కింద వచ్చాయి. ఒక్క బ్యాటరీ పగిలి ఎరువు కుప్పలో కలిస్తే లోహాలు మట్టిలోకి, అక్కణ్ణించి కూరలోకి. ఈ డ్రమ్ములో చెత్త పరిమాణంలో అన్నిటికంటే తక్కువ. దీన్ని ముట్టుకున్న చేతికే అన్నిటికంటే ఎక్కువ దెబ్బ.

పది దాటింది, ఎండ కాస్తోంది. పెద్దావిడ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటోంది. ఎడమ బొటనవేలికి కొత్తగా గుడ్డపీలిక. పొద్దున్నది గ్లాసా, బ్లేడా అని అడిగితే, "ఏదైతే ఏటి బాబూ" అని టీ గ్లాసు అందుకుంటుంది. 2023 డిసెంబరు 26న రాష్ట్రంలో మున్సిపల్ కార్మికులు సమ్మెకి దిగితే, సంక్రాంతి ముందు ఆ రెండు వారాల్లోనే పట్నాల్లో వీధులు నడవడానికి లేకుండా పోయాయి. జీతాల మీద మాట్లాడుకున్నారు, ఒప్పందం అయింది. వేళ్లకి ఏం గుచ్చుకుంటోందన్న మాట ఏ ఒప్పందం తీర్చేదీ కాదు. అది మీ ఇంటా మా ఇంటా తేలాలి.

రేపు పొద్దున్న విజిల్ వినబడేలోపు చెయ్యాల్సింది పెద్దగా ఏమీ లేదు. పాల ప్యాకెట్టు కత్తిరించినప్పుడు మూల తెంపెయ్యకండి, వేలాడనివ్వండి. పులుసు గిన్నె ఒంపే బుట్టలో అట్టముక్క వెయ్యకండి. ఎర్రబుట్ట ఇంట్లో ఇంకో పనికి వాడుతుంటే వాడుకోండి, డైపర్లకీ ప్యాడ్లకీ పాత పేపరూ ఒక విడి సంచీ చాలు. బ్లేడూ గాజూ మందంగా చుట్టి, అట్టపెట్టెలో పెట్టండి. సంచి గేటుకి తగిలించి లోపలికి పోకండి. చేతికివ్వండి, ఇచ్చేటప్పుడు నోటితో చెప్పండి: "అప్పా, ఇందులో గాజుంది."